కౌంటరు దగ్గర ఎంత ఇంగ్లీషు కావాలి?



నంద్యాలలో కొత్తగా షోరూమో, ఆసుపత్రో, లాడ్జో తెరిచిన యజమానిని కదిలించి చూడండి. రెండు ఫిర్యాదులు వినబడతాయి. పనివాళ్లు నిలవడం లేదనేది ఒకటి. ఉన్నవాళ్లకు ఇంగ్లీషు రాదనేది రెండోది. మొదటిదానికి కారణం చాలామటుకు జీతమే, దాన్ని ఇవాళ కదిలించను. రెండోదాని సంగతి చూద్దాం. "మా పిల్లలకు ఇంగ్లీషు రాదు సార్" అని యజమాని అన్నప్పుడు ఎవరికి రాదు, ఏ పనికి రాదు, ఎంత వస్తే చాలు అని తిరిగి అడిగేవాళ్లు లేరు. నేరుగా స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేర్పిస్తారు. అక్కడ "మై నేమ్ ఈజ్" దగ్గర మొదలై "మై హాబీస్ ఆర్" దాకా పోయేసరికి ఫీజు గడువు అయిపోతుంది. పిల్లవాడు మళ్లీ అదే కౌంటరు వెనక, అదే కాగితం ముందు, అదే తడబాటుతో నిలబడతాడు. భూసార పరీక్ష చేయించకుండా పొలంలో డీఏపీ బస్తాలు గుమ్మరించడం లాంటి పని ఇది.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. కర్నూలు నుంచి కడప మీదుగా చిత్తూరు వైపు పోయే నలభయ్యో నంబరు జాతీయ రహదారి నంద్యాలనూ ఆళ్లగడ్డనూ కలుపుకుంటూ పోతుంది. ఒక పక్క మహానంది, ఇంకో పక్క యాగంటి, అడవిలో అహోబిలం, కొండమీద శ్రీశైలం, నేల కింద బెలూం గుహలు, అన్నీ ఈ జిల్లాలోవే. విత్తనాల కంపెనీలు, పురుగుమందుల అంగళ్లు, ఆసుపత్రులు, వాటి పక్కనే మందుల షాపులు, బస్టాండు చుట్టూ లాడ్జీలు. పదో తరగతో, ఇంటరో, మహా అయితే డిగ్రీనో చదివిన పిల్లలు వేలమంది వీటిలో కౌంటరు ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగు మీడియం. వాళ్లకోసం గోడల మీద అంటించే ప్రకటనల్లో మాత్రం "ఇంగ్లీషు తప్పనిసరి" అని ఒక లైను ఉంటుంది. ఆ లైను దేనికోసమో రాసినాయనకే తెలియదని నా అనుమానం.

ముందు ఒక పురుగుమందుల అంగడి దగ్గర నిలబడదాం. పత్తి కాలం. రైతు వచ్చాడు.

"అన్నా, పేనుబంక తగిలింది పత్తికి. మందు ఇయ్యి."

కుర్రాడు సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"ట్యాంకుకు ఎంత పొయ్యాల?"

ఇప్పుడు కుర్రాడి ఇంగ్లీషు పని మొదలైంది. సీసా మీద పెద్ద అక్షరాలతో కంపెనీ పెట్టుకున్న పేరు ఉంది. దాని కింద సన్నటి అక్షరాల్లో అసలు మందు పేరు, ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం ఎస్.ఎల్. అని ఉంది. ఎస్.ఎల్. అంటే నీళ్లలో కరిగిపోయే ద్రవం. ఇంకో డబ్బా మీద డబ్ల్యూ.పి. అని ఉంటే అది నీళ్లలో కలిపే పొడి. మోతాదు హెక్టారుకు ఇంత అని ఉంటుంది. రైతుకు హెక్టారుతో పనిలేదు, ఆయన అడిగింది ట్యాంకు లెక్క. హెక్టారంటే 2.47 ఎకరాలు. ఎకరాకు ఎన్ని ట్యాంకులు పడతాయో రైతునడిగి, భాగించి చెప్పాలి. తర్వాత "వెయిటింగ్ పీరియడ్" అని ఒక మాట ఉంటుంది. చివరిసారి మందు కొట్టాక పంట కోయడానికి ఎన్ని రోజులు ఆగాలో చెప్పే మాట అది. కూరగాయల రైతుకు ఆ ఒక్క ముక్క చెప్పకపోతే నష్టం రైతుబజారులో కొనుక్కునే మనది.

ఈ అంగట్లో కుర్రాడు నోటితో ఇంగ్లీషు మాట్లాడిన సందర్భం ఒక్కటీ లేదు. రైతుతో మాట్లాడింది అచ్చంగా సీమ తెలుగు. కానీ అతని పనంతా ఇంగ్లీషు మీదే నడిచింది. కంటితో ఇంగ్లీషు చదివి, మనసులో లెక్క వేసి, నోటితో తెలుగు చెప్పాడు. వేరే వేరే కంపెనీ పేర్లున్న రెండు సీసాల్లో ఉన్నది ఒకటే మందు అని కింది సన్నటి లైను చదివి చెప్పగలిగాడంటే రైతుకు ఒక సీసా డబ్బు మిగిలినట్టే. చదవలేకపోతే రైతు రెండూ కొని, కలిపి కొడతాడు. సీసా మీది త్రికోణం రంగుకు భాషతో పనిలేదు. ఎరుపైతే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరసలో తగ్గుతుంది. లోపల మడిచిపెట్టిన కరపత్రంలో తెలుగూ ఉంటుంది. అయితే అంగట్లో రద్దీ ఉన్నప్పుడు ఆ మడత విప్పేదెవరు?

ఈ కుర్రాణ్ని స్పోకెన్ ఇంగ్లీషుకు పంపితే ఏమొస్తుంది? అతనికి కావలసింది ఓ వంద లేబుల్ మాటలు, కొన్ని పొట్టి అక్షరాలు, కొంచెం భాగహారం. ఈ సంగతి గ్రహించి చేసిన పని ఒకటి మన దగ్గరే ఉంది. హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ, అందరూ మేనేజ్ అంటారు, 2003లో ఎరువులు, పురుగుమందుల డీలర్ల కోసం ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. దేశీ అని దాని పేరు. అంగడి మూసుకోనక్కరలేకుండా వారానికి ఒక రోజు తరగతి. ఇంగ్లీషు నేర్పడం దాని ఉద్దేశం కాదు, అంగడి పనికి ఏం కావాలో చూసి అది నేర్పడం. డీలరుకు దక్కిన ఈ ఆలోచన డీలరు దగ్గర పనిచేసే కుర్రాడిదాకా దిగిరావాలి.

ఇప్పుడు ఆసుపత్రి. నంద్యాలలో ఏ వీధిలో చూసినా ఒకటి ఉంటుంది. డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టుకుని ముసలాయన కౌంటరు దగ్గరికి వస్తాడు. "అమ్మా, ఇందులో ఏం రాసినారు?" కాగితం నిండా ఇంగ్లీషు. "సాఫ్ట్ డైట్", "రివ్యూ ఆఫ్టర్ ఫైవ్ డేస్", మాత్రల పక్కన బి.డి., టి.డి.ఎస్., హెచ్.ఎస్., ఎస్.ఓ.ఎస్. ఈ పొట్టి అక్షరాలు నిజానికి ఇంగ్లీషువి కూడా కావు, లాటినువి. రోజుకు రెండుసార్లు, మూడుసార్లు, పడుకునే ముందు, అవసరమైతేనే అని వాటి అర్థం. లాటిను ఒక్క ముక్క రాకుండానే మందుల షాపు పిల్లలు వీటిని రోజంతా పొరపాటు లేకుండా చదువుతున్నారు. వార్డులో కేసు షీటు మీద ఎన్.బి.ఎం. అని ఉంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని. ఆపరేషన్ ముందు అది తెలియని ఆయా పోనీలే పాపమని రోగికి కాఫీ ఇస్తే ఆపరేషన్ వాయిదా పడుతుంది. ఆయాకు కావలసిన ఇంగ్లీషు ఆ మూడక్షరాలు. ఆమెకు అది నేర్పడానికి వ్యాకరణం పుస్తకం అక్కరలేదు.

అదే ఆసుపత్రిలో, అదే వరండాలో, ఇంకో గదిలో ఇన్సూరెన్సు డెస్కు ఉంటుంది. అక్కడ కూర్చున్న అమ్మాయి సంగతి వేరే. చికిత్సకు ముందుగా అనుమతి కోరుతూ బీమా కంపెనీకి మెయిలు పంపాలి. అవతలినుంచి "క్వెరీ" వస్తుంది. ఈ జబ్బు ఎప్పటినుంచి ఉంది, పాలసీ తీసుకోకముందునుంచీ ఉందా, ఫలానా పరీక్ష ఎందుకు చేశారు అని అడుగుతారు. డాక్టరు నోటిమాటగా చెప్పినదాన్ని ఆమె ఇంగ్లీషులో, తేదీలు తప్పకుండా, రెండర్థాలు రాకుండా రాయాలి. ఒక్క వాక్యం వంకరగా పోతే క్లెయిము తిరిగొస్తుంది, రోగి బంధువులు డబ్బు కట్టేదాకా ఇంటికి కదలలేరు. ఆ డెస్కుకు గట్టి ఇంగ్లీషే కావాలి, అదీ రాతలో. మరి యజమాని చేస్తున్నదేమిటి? రిసెప్షన్ అమ్మాయినీ, ఇన్సూరెన్సు అమ్మాయినీ, వార్డు ఆయానీ ఒకే శిక్షణలో, ఒకే బెంచీ మీద కూర్చోబెడుతున్నాడు.

భాష అవసరాన్ని కొలవడం లోకంలో కొత్తేమీ కాదు. 1978లో జాన్ మన్బీ అనే బ్రిటిష్ పండితుడు ఒక ఉద్యోగికి ఏ సందర్భంలో, ఎవరితో, ఏ భాష కావాలో పట్టిక వేసే పద్ధతి రాశాడు. పట్టిక ఎంత పెద్దదంటే అది నింపేలోపు ఉద్యోగి రిటైరవుతాడేమో అనిపిస్తుంది. 1987లో టామ్ హచిన్సన్, అలన్ వాటర్స్ దాన్ని మూడు మాటల్లోకి దించారు. పనికి కావలసింది ఏమిటి, మనిషి దగ్గర లేనిది ఏమిటి, మనిషి కోరుకునేది ఏమిటి. ఈ మూడూ కలిస్తే సుఖమే. కలవకపోతే ఎక్కడ కలవలేదో చూడాలి. నాకు తెలిసి మన ఊళ్లకు ఇంతకు మించిన సిద్ధాంతం అక్కరలేదు.

మన ఊళ్లకు బాగా పనికొచ్చే పరిశోధన మాత్రం హవాయి దీవుల్లో జరిగింది. రెబెకా హాసో-అగిలార్ అనే ఆవిడ వైకికీ తీరంలో హోటలు గదులు సర్దే ఆడవాళ్లకు ఏ ఇంగ్లీషు కావాలో తేల్చడానికి వెళ్లింది. వాళ్లు వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్లు. మేనేజర్లను అడిగి, ప్రశ్నల కాగితాలు నింపించి ఊరుకోకుండా, తనే వాళ్లతో కలిసి దుప్పట్లు మార్చే పనిలోకి దిగింది. 1999లో అచ్చయిన ఆమె వ్యాసం చెప్పేదేమిటంటే, అతిథులతో తీయగా, మర్యాదగా మాట్లాడటం నేర్పాలని పైవాళ్లు పట్టుబడుతున్నారు, పనిచేసేవాళ్లకేమో పనిలో ఇంగ్లీషుతో అవసరమే తక్కువ. అతిథి బయటికి వెళ్లాకే కదా గది సర్దేది. వాళ్లకు ఇంగ్లీషు కావలసిన చోటు హోటలు బయటి బతుకులో ఉంది. యజమాని ఒకటి చెప్తాడు, పనిమనిషి ఒకటి చెప్తుంది, పని ఇంకొకటి చెప్తుంది. ముగ్గురినీ విన్నవాళ్లకే అసలు సంగతి చిక్కుతుంది.

మరి ఆళ్లగడ్డలో ఒక లాడ్జికి ఈ కొలత వేయాలంటే ఎట్లా? నేనైతే మొదట కాగితాలు ఏరతాను. ఒక రోజంతా ఆ కౌంటరు మీదికి వచ్చిన ప్రతి ఇంగ్లీషు కాగితం, ఫోన్లో వచ్చిన ప్రతి ఇంగ్లీషు మెసేజి ఒకచోట పెట్టమంటాను. ఆన్‌లైన్ బుకింగులు ఉంటాయి. "పే ఎట్ హోటల్" అంటే డబ్బు మనం వసూలు చేసుకోవాలి. "నాన్ రీఫండబుల్" అంటే రద్దు చేసినా తిరిగివ్వక్కరలేదు. రాత్రి పదకొండింటికి కౌంటరు దగ్గర జరిగే గొడవల్లో సగం ఈ రెండు ముక్కల మీదే. కింద "గ్రౌండ్ ఫ్లోర్ ప్లీజ్, పేరెంట్స్ ఆర్ సీనియర్ సిటిజన్స్" అని ఒక లైను ఉంటుంది. దాన్ని చూడకుండా మూడో అంతస్తు తాళం ఇచ్చేస్తే అహోబిలం కొండకు వచ్చిన పెద్దాయన మెట్లెక్కడం ఇక్కడే మొదలుపెట్టాలి. తెల్లారేసరికి గూగుల్లో ఒక నక్షత్రం. విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటల్లోగా పాస్‌పోర్టు, వీసా వివరాలు ఆన్‌లైన్లో ఎక్కించాలి. లాడ్జీల వాడుకలో అది ఫారం-సి. వీసా రకం ఒక గడిలో, వీసా గడువు ఇంకో గడిలో. ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందో చెప్పలేని అవసరమే, కానీ వచ్చినప్పుడు తప్పు చేయడానికి లేదు.

కాగితాల తర్వాత మాటలు. కౌంటరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఏ భాషలో ఏం అడిగారో నోటుపుస్తకంలో రాసుకోవాలి. తర్వాత పనివాళ్లను అడగాలి, తెలుగులో, యజమాని లేనప్పుడు. "మీకు ఇంగ్లీషు అవసరమా?" అని అడిగితే "అవసరమే సార్" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. కాదంటే ఏమనుకుంటారోనని. అట్లా కాకుండా "మొన్న ఎక్కడ ఆగిపోయినావ్?" అని అడగాలి. జాన్ ఫ్లనగన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1954లో ఈ మార్గం చెప్పాడు. అభిప్రాయం అడగొద్దు, జరిగిన సంఘటన అడుగు అని. అప్పుడు వస్తాయి అసలు జవాబులు. "ఫోన్లో మాట్లాడితే అర్థం కాదు సార్, ఎదురుగా ఉంటే చేతులన్నా చూపిస్తారు." "వాళ్లేదో చెప్పినారు, నేను ఎస్ సార్ అన్నా, తర్వాత చూస్తే రెండు రూములు అడిగినారు." ఈ రెండో జవాబులో పెద్ద పాఠమే ఉంది. అర్థం కానప్పుడు "ఎస్ సార్" అనకుండా మళ్లీ చెప్పమని అడగడం నేర్పాలి. ఆ ఒక్క వాక్యం వచ్చినా నెలకు ఎన్ని గొడవలు తప్పుతాయో ఆ లాడ్జీవాళ్లకే తెలుసు.

మనిషి దగ్గర ఎంత ఉందో కొలిచేటప్పుడు సర్టిఫికెట్టును నమ్ముకోవద్దు. యూరప్ దేశాలు 2001లో పెట్టుకున్న ఆరు మెట్ల భాషా కొలబద్ద ఉంది కదా, దానిలో నాకు నచ్చేది మెట్లు కాదు. చదవడం, వినడం, మాట్లాడటం, రాయడం దేనికది విడిగా కొలవమంటుంది, అది నచ్చుతుంది. సీమలో దీనికి ఉదాహరణలు కొదవా? కువైట్‌లో పదేళ్లు డ్రైవరుగా చేసి వచ్చినాయన ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ కలిపి ఎవరితోనైనా బేరం ఆడగలడు. ఇంగ్లీషు ఫారం చేతికిస్తే పేరు తప్ప ఇంకోటి పూరించలేడు. తెలుగు మీడియంలో డిగ్రీ చదివిన అమ్మాయి ఫారం మొత్తం తప్పులేకుండా నింపుతుంది, ఫోన్లో "హలో" తర్వాత గొంతు పెగలదు. ఇద్దరికీ కలిపి ఒకటే పరీక్ష పెట్టి పాసు, ఫెయిలు అంటే ఇద్దరికీ అన్యాయమే. ఒకరిని కౌంటరు ముందు, ఒకరిని కంప్యూటరు ముందు పెట్టుకున్న యజమాని తెలివైనవాడు. ఆ యూరప్ కొలబద్ద వాళ్లు 2020లో ఒక భాషలో ఉన్నదాన్ని ఇంకో భాషలో ఎదుటివాళ్లకు తెలియజెప్పే నేర్పుకు కూడా విస్తారంగా కొలతలు ఇచ్చారు. మన పురుగుమందుల అంగడి కుర్రాడు రోజూ చేస్తున్నది అదే.

ఆళ్లగడ్డ నుంచి పాతిక కిలోమీటర్లు పోతే అహోబిలం. అక్కడ ఈ కొలత ఇంకో నిజం చెప్తుంది. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి, అహోబిల మఠం శిష్యులు తమిళనాట విస్తారంగా ఉన్నారు కాబట్టి, నవనరసింహుల దర్శనానికి వచ్చేవాళ్లలో తమిళులు మెండు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి దగ్గరికి పోయే అడవిదారిలో వయసుమళ్లిన మామి డోలీ అడిగేది తమిళంలో. మోసేవాళ్లూ, దారి చూపేవాళ్లూ ఏ క్లాసుకూ పోకుండా ఆ తమిళం పట్టుకున్నారు. ధర, దూరం, "మెల్లగా", "ఇంకొంచెమే", ఇంతే కావాలి, ఇంత వచ్చు. శ్రీశైలంలో ఉగాదికి కన్నడ భక్తులు కాలినడకన వేలకు వేలు వస్తారు. అక్కడ అంగడివాడికి కన్నడ రాకపోతే ఆ పండగ బేరం పోయినట్టే. కాబట్టి అవసరం కొలవడానికి వెళ్లినవాడు ఇంగ్లీషును బుర్రలో పెట్టుకుని వెళ్లకూడదు. ఏ భాష కావాలని అడగాలి. అహోబిలంలో లాడ్జి గుమాస్తాకు నెల రోజుల శిక్షణ ఇచ్చే స్తోమతే ఉంటే, మొదటి పదిహేను రోజులు తమిళానికి ఇవ్వమంటాను. 1991 ఉప ఎన్నికలో నంద్యాల ఓటర్లు పార్లమెంటుకు పంపిన పి.వి. నరసింహారావు గారు స్పానిష్ దాకా నేర్చుకున్న మనిషి. మన దగ్గర భాషల పట్ల బెదురు ఉండాల్సిన పనిలేదు.

బెలూం గుహల్లో గైడ్ల పని వేరే రకం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల సంగతి రాశాడనీ, 1982 నుంచి గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపల తిరిగి కొలిచిందనీ, పొడవు 3,229 మీటర్లనీ ఇంగ్లీషులో గడగడా చెప్పడం కష్టమేం కాదు. కంఠతా పడితే వస్తుంది. చిక్కు తర్వాత మొదలవుతుంది. విదేశీయుడు ఆగి, "లోపల గాలి ఎట్లా వస్తుంది?" అని అడుగుతాడు. పాఠంలో లేని ప్రశ్న. జవాబు గైడుకు తెలుసు, గాలి పంపుతున్నారని తెలుగులో చక్కగా చెప్పగలడు. ప్రశ్నే అర్థం కాలేదు. గైడు ఇంగ్లీషును పరీక్షించేవాళ్లు అతని ఉపన్యాసం విని మార్కులు వేస్తారు. రెండు ప్రశ్నలు వేసి చూస్తే తెలుస్తుంది, అతనికి కావలసింది మాట్లాడటం కన్నా వినడం.

ఉద్యోగానికి ఏ భాష ఎంత కావాలనే ఈ లెక్క ఈస్టిండియా కుంపెణీవాళ్లకు బాగా తెలుసు. 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల పెట్టి, ఇంగ్లండు నుంచి దిగిన కుర్ర ఉద్యోగులకు మన భాషలు నేర్పి, పరీక్ష పెట్టి, ఆ తర్వాతే జిల్లాలకు పంపారు. 1817లో వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడే తెలుగు మొదలుపెట్టి, 1820లో మన పక్కన కడపకు వచ్చాడు. ఆయన తర్వాత చేసినదంతా ఉద్యోగ అవసరాన్ని ఎప్పుడో దాటిపోయిన ప్రేమ, అది వేరే సంగతి. నేనడిగేది ఒకటే. దొరలకు ఉద్యోగం కోసం భాష కావలసివచ్చినప్పుడు ఆ ఖర్చు, ఆ సమయం యజమాని భరించాడు. ఇవాళ నంద్యాలలో నెలజీతం మీద పనిచేసే పిల్ల ఇంగ్లీషు నేర్చుకోవాలంటే తన జీతంలోంచి ఫీజు కట్టి, పని అయ్యాక రాత్రి వెళ్లాలి. పనికి నిజంగా కావలసిన భాషను పని గంటల్లో, యజమాని ఖర్చుతో నేర్పాలి.

ఇంత చెప్పాక ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. "నీ పనికి ఇంతే ఇంగ్లీషు చాలు" అన్న మాట చేతకాని యజమాని చేతిలో పడితే పనిపిల్లను అక్కడే కట్టిపడేసే తాడవుతుంది. ఆయాకు మూడక్షరాలు చాలన్నాను. ఆ ఆయాకు నర్సు సహాయకురాలి కోర్సు చేయాలని ఉంటే? మందుల షాపు కుర్రాడు బెంగళూరు పోవాలనుకుంటే? కూతురి బడిలో టీచరుతో ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడాలని రిసెప్షన్‌లో కూర్చునే ఆమెకు ఉంటే? మనిషి కోరుకునేదాన్ని కూడా హచిన్సన్, వాటర్స్ లెక్కలో వేయమన్నది ఇందుకే. మన వీధుల్లో ఇంగ్లీషు పనిముట్టు మాత్రమే కాదు, మర్యాద కూడా. అది వచ్చినవాడికి కుర్చీ వేస్తారు. ఆ కోరికను వెక్కిరించే హక్కు ఇంగ్లీషు చదువుకుని మైకు ముందు కూర్చున్న నాకు లేదు. పనికి కావలసింది పనిలో నేర్పండి. మనిషి కోరుకునేదానికి దారి మూయకండి. రెండూ వేరని మాత్రం తెలిసి చేయండి.

పనికి కావలసిన ఇంగ్లీషుకు ఇంకో ఉదాహరణ ఆళ్లగడ్డ శిల్పులది. భౌగోళిక గుర్తింపు పొందిన శిల్పాలు వాళ్లవి. విదేశాల్లో గుడి కట్టుకునే మనవాళ్లు విగ్రహానికి ఆర్డరు చెప్పేది చాలావరకు తెలుగులోనే, వాట్సాప్‌లో. పెట్టెలో సర్ది ఓడకు ఎక్కించేటప్పుడు కాగితాలన్నీ ఇంగ్లీషు. అంటే ఇక్కడా కంటికే పని, నోటికి కాదు.

ఫోను కెమెరా పెడితే కాగితం మొత్తం తెలుగులో కనబడుతుంది కదా అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. నిజమే, చాలా బరువు తగ్గింది. ఉత్తరమో, మెసేజో అయితే దాంతో నెట్టుకురావచ్చు. పురుగుమందు మోతాదు, మాత్ర పేరు, ఎన్.బి.ఎం. లాంటివి యంత్రానికి వదిలేయడానికి నాకు ధైర్యం చాలదు. అది తప్పు చెప్పినప్పుడు ఇది తప్పు అని పట్టుకోగలిగేంత ఇంగ్లీషు కౌంటరు వెనక ఉండాలి.

నంద్యాల, ఆళ్లగడ్డ యజమానులారా, శిక్షణ కేంద్రాలు నడిపేవారూ, మీకు నా విన్నపం. క్లాసు పెట్టేముందు ఒక్క రోజు కౌంటరు పక్కన కూర్చోండి. కాగితాలు ఏరండి, ఏ భాషలో ఏం అడుగుతున్నారో రాసుకోండి, పిల్లలను తెలుగులో అడగండి. పాఠ్యపుస్తకంగా ఆ కాగితాలనే వాడండి. పరీక్ష పెట్టాలనుకుంటే లేబుల్ చేతికిచ్చి రైతుకు చెప్పినట్టు తెలుగులో చెప్పమనండి. ఇక ఉద్యోగ ప్రకటనలో "ఇంగ్లీషు తప్పనిసరి" అన్న లైను కొట్టేసి, ఈ ఉద్యోగంలో ఏ కాగితం చదవాలో, ఏం రాయాలో, ఎవరితో ఏ భాషలో మాట్లాడాలో రెండు వాక్యాల్లో రాయండి. ఆ లైను చూసి వెనక్కు తగ్గిన తెలుగు మీడియం పిల్లల్లో మీకు కావలసిన మనిషి ఉండవచ్చు.